కైకిలి లేని డిజైను పండుగ

వాలంటీరు అనే మాట నల్లగొండ జిల్లాకి కొత్తది కాదు. 1940లలో సంఘం ఊరూరా కూడగట్టిన మనుషుల్ని మా వైపు జనం ఆ మాటతోనే పిలిచారు. పాలకుర్తి అప్పట్లో నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఉండేది. అక్కడ చాకలి ఐలమ్మ కౌలుకు చేసుకున్న పంట మీదికి విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు వస్తే, ఆమె పక్కన నిలబడి పంటను కాపాడి ఇంటికి చేర్చింది ఈ వాలంటీర్లే. వాళ్లకు ఎవరూ పైసా ఇవ్వలేదు. వాళ్లూ అడగలేదు. కానీ ఎవరి కోసం చేస్తున్నారో, ఎవరికి ఎదురుగా చేస్తున్నారో వాళ్లకి స్పష్టంగా తెలుసు. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు ఇంకో సంగతి కూడా బయటపడింది. దళాలకు అన్నం వండినవాళ్లు, ఉత్తరాలు మోసినవాళ్లు, మనుషుల్ని ఇంట్లో దాచి రాత్రంతా మేలుకున్నవాళ్లు తమ నోటితో తాము చెప్పేదాకా ఆ పని చాలావరకు ‘సాయం’ అనే పద్దు కిందే ఉండిపోయింది. జీతం లేకపోవడం ఒక సంగతి, పేరు లేకపోవడం ఇంకో సంగతి. ఈ రెండూ ఆడవాళ్ల విషయంలో ఎంత తేలిగ్గా కలిసిపోతాయో చెప్పడానికి ఈ వ్యాసం.

ఇప్పుడు హైదరాబాద్‌లో వాలంటీరు అంటే మెడలో బ్యాడ్జీ, ఒంటి మీద ఉత్సవం పేరు అచ్చేసిన టీషర్టు. సాహిత్య ఉత్సవాలకీ, సినిమా ఉత్సవాలకీ, మారథాన్‌లకీ వాలంటీర్లు కావాలి. ఈ వరసలోకి డిజైన్ ఉత్సవాలు కొంచెం ఆలస్యంగా వచ్చాయి. 2019 అక్టోబరులో మొదటి హైదరాబాద్ డిజైన్ వీక్ జరిగింది. తెలంగాణ ప్రభుత్వం, ఇండియా డిజైన్ ఫోరం కలిసి జరిపాయి. ప్రపంచ డిజైన్ సంస్థ తన సర్వసభ్య సమావేశాన్ని కూడా అప్పుడే ఇక్కడ పెట్టుకుంది. ‘హ్యూమనైజింగ్ డిజైన్’ అని దానికి అంశం పెట్టారు, అంటే డిజైన్‌కి మనిషితనం తేవడం. మంచి మాట. ఏ మనిషి అన్నదే నాకు ఆసక్తి.

నేను పనిచేసింది ఆ ఉత్సవంలో కాదు. ఆ తర్వాత కొన్నేళ్లకు నగరంలో జరిగిన, దానికంటే చాలా చిన్న ఉత్సవంలో. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. నేను చెప్పేవి ఆ ఒక్కదాని లోపాలూ కావు. నేనొక మహిళా డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్తాను. మా కాలేజీ నుంచి పధ్నాలుగు మంది ఆడపిల్లల్ని వాలంటీర్లుగా అడిగారు. లేబుళ్లు తెలుగులోకి మార్చే మనిషి కూడా కావాలన్నారు. అలా నేనూ వాలంటీరునయ్యాను. అయిదు రోజులు, పొద్దున ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా. మధ్యాహ్నం భోజనం పెడతారు, చివర సర్టిఫికెట్ ఇస్తారు, రానూపోనూ ఖర్చు ఎవరిది వాళ్లదే.

ఆ పధ్నాలుగు మందిలో ఒకమ్మాయి మా ఆత్మకూర్ వైపు పిల్ల. ఆత్మకూర్ అంటే ఏ ఆత్మకూర్ అని అడుగుతారు. పాలమూరు వైపు, జూరాల దగ్గర ఒకటుంది, ఒకప్పటి అమరచింత సంస్థానం తాలూకు ఊరు. సూర్యాపేట దగ్గర ఇంకోటి, కాగితాల మీద దాని పక్కన ‘ఎస్’ అని రాస్తారు. మాది ‘ఎం’. 2016లో జిల్లాలు విడగొట్టాక యాదాద్రి భువనగిరిలోకి వచ్చాం గానీ, నోటికి మాత్రం నల్లగొండ అనే వస్తుంది. ఒకవైపు మోత్కూరు, ఇంకోవైపు ఆలేరు. చుట్టుపక్కల మగ్గాలున్న ఊళ్లు చాలా ఉన్నాయి. ఆ పిల్ల వాళ్లమ్మ ఆసు పోస్తుంది. మా అమ్మా పోసింది, పెళ్లికి ముందూ తర్వాతా.

అనుమతి కోసం నేనే ఆ ఇంటికి ఫోన్ చేశాను. అయిదు రోజులు పట్నంలో పని అన్నాక ఆమె అడిగిన మొదటి ప్రశ్న: “కైకిలెంతిస్తరక్కా?”

కైకిలి ఉండదు, సర్టిఫికెట్ ఇస్తారు, ఉద్యోగానికి పనికొస్తుంది అని చెప్పాను.

“అంటే బదలా మరి? వాళ్లు మల్ల మన పనికి వస్తరా?”

ఆమె వేళాకోళానికి అనలేదు. ఆమెకు తెలిసిన లెక్కల్లో పెట్టి చూసుకుంటోంది. డబ్బు లేని పనికి మా వైపు ఒకటి కాదు, చాలా పేర్లున్నాయి. కూలికి పోతే కైకిలి. ఈ రోజు నీ చేన్లో నేను, రేపు నా చేన్లో నువ్వు కలుపు తీస్తే బదలు. దొర గడీకి పోయి ఊరికే చేస్తే వెట్టి. గుడికి చేస్తే సేవ. ఇంట్లో చేసేదానికి మాత్రం పేరే లేదు. ‘ఇంట్ల ఉంటది’ అంటారు, అంతే. ఇవన్నీ ఒకటి కాదని మా ఆడవాళ్లకు ఎవరూ పుస్తకం పెట్టి చెప్పక్కర్లేదు. డిజైన్ ఉత్సవంలో వాలంటీరు చేసే పని వీటిలో ఏది? బలవంతం లేదు కాబట్టి వెట్టి అనలేం. ఆ మాటను ప్రతిదానికీ వాడితే గడీల్లో చచ్చినవాళ్లకి అవమానం. తిరిగి వచ్చేది లేదు కాబట్టి బదలు కాదు. టికెట్ ఉంది, స్పాన్సర్లున్నారు, లైట్లు పెట్టినవాళ్లకీ కుర్చీలు వేసినవాళ్లకీ బిల్లులు చెల్లుతాయి కాబట్టి సేవ అనడమూ కష్టమే. మిగిలింది పేరు లేని ఆ చివరి రకం. అందుకేనేమో ఆ పనికి ఆడపిల్లలు అంత సహజంగా సరిపోతారని అందరికీ అనిపిస్తుంది.

ఈ వరసలో ప్రభుత్వాలు కూడా వెనకబడి లేవు. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చిన ఆశా కార్యకర్తల్ని చూడండి. మొదటి నుంచీ వాళ్లను స్వచ్ఛంద కార్యకర్తలుగానే లెక్కగట్టారు, జీతానికి బదులు పారితోషికం అన్నారు. లక్షల మంది, అందరూ ఆడవాళ్లే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఆగస్టులో మొదలుపెట్టిన గ్రామ వాలంటీర్లకి నెలకు 5,000 ఇచ్చారు, దాన్ని గౌరవ వేతనం అన్నారు. ఎక్కడ వేతనం తక్కువగా ఉంటుందో అక్కడ దాని ముందు గౌరవం వచ్చి కూర్చుంటుంది.

ఉత్సవంలో పని పంచిన తీరు చెప్తే పాఠకులకి ఆశ్చర్యం వెయ్యదు. ఇంజినీరింగ్ కాలేజీల నుంచి వచ్చిన మగపిల్లలకి ప్రొజెక్టర్లు, మైకులు, డ్రోన్ కెమెరా. మా పిల్లలకి రిజిస్ట్రేషన్ బల్ల, అతిథులకి పూల మొక్క ఇచ్చి వేదిక దాకా తీసుకెళ్లడం, మంచినీళ్లు, తప్పిపోయిన బ్యాడ్జీలు. ‘మీ అమ్మాయిలు నవ్వుతూ మాట్లాడతారు మేడం’ అని ఒకాయన నాతో మెచ్చుకోలుగానే అన్నాడు. నవ్వడం కూడా పనే అని సామాజికశాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షిల్డ్ విమాన పరిచారికల గురించి 1983లోనే ఒక పుస్తకం రాసింది. పధ్నాలుగు గంటలు నవ్వితే దవడలు నొప్పి పుడతాయని మా పిల్లలు రెండోరోజే కనిపెట్టారు. ఒక హాలు నుంచి ఇంకో హాలుకి ఆసులో కండెలాగా తిరిగారు. ఈ పోలిక నేను కల్పించింది కాదు, తెలుగులో ఎప్పటినుంచో ఉన్న జాతీయం. అటూ ఇటూ ఊపిరాడకుండా తిరిగే మనిషి గురించి చెప్పాలంటే మన భాష వెతుక్కున్న ఉపమానం చేనేత ఇంట్లో ఆడమనిషి ముందుండే పనిముట్టు.

ముగ్గు సంగతి చెప్పాలి. మూడోరోజు పెద్ద అతిథులు వస్తున్నారని గేటు దగ్గర ముగ్గు వెయ్యమన్నారు. నలుగురు పిల్లలు తెల్లవారుజామున అయిదున్నరకి వచ్చి ఇరవై ఒక్క చుక్కల మెలికల ముగ్గు వేశారు. గీత ఎక్కడా తెగకుండా మొదలైన చోటికే వచ్చింది. లోపల హాల్లో ఒక యువకుడు కంప్యూటర్‌తో గీయించిన, అచ్చం ఇలాగే తిరిగి తిరిగి తనలోకి వచ్చే గీతల బొమ్మ ఉంది. దాని పక్కన అతని పేరు, చదివిన బడి, ఆలోచన వివరించే రెండు పేరాలు. గేటు దగ్గరి ముగ్గు కేటలాగులో లేదు. అది అలంకరణ. పదిన్నరకి కార్లు దాని మీదుగా వెళ్లాయి. ముగ్గు తొక్కిపోవడానికే వేస్తారు, దానికి నాకు బాధ లేదు. కానీ డిజైన్ అంటే ఏమిటో అందరూ కలిసి ఆలోచించడానికి పెట్టిన అయిదు రోజుల పండుగలో, గుమ్మంలో ఉన్నదాన్ని డిజైన్‌గా చూడాలని ఎవరికీ తోచకపోవడం గురించి మాట్లాడుకోవాలి.

ఇక నా పని. చేనేతకి ఒక గది ఇచ్చారు. పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేట చీరలు. తేలియా రుమాళ్లు రెండు. ప్రతి దానికీ ఒక కార్డు. కార్డు మీద గళ్లు: డిజైనర్, మాస్టర్ వీవర్, ముడిసరుకు, పద్ధతి, ఊరు. ఇంగ్లిషులో నింపి ఇచ్చారు, నేను తెలుగు చెయ్యాలి.

మొదటి గడి దగ్గరే ఆగిపోయాను. డిజైనర్‌కి తెలుగు ఏమిటి? రూపకర్త అనవచ్చు, నిఘంటువుల్లో ఉంది, ఎవరూ వాడరు. మగ్గాల ఊళ్లలో డిజైను అనే అంటారు, గ్రాఫ్ అంటారు, ఇక్కత్ పనిని చిటికి అంటారు. మాట లేకపోవడం తెలుగు లోపం కాదు. మొత్తం పనిలోంచి ఆలోచన అనే ముక్కను కోసి బయటికి తీసి, దాన్ని ఒక మనిషికి రాసిచ్చే అలవాటు ఈ పనుల్లో లేదు. ఇప్పుడు ఆ అలవాటు వచ్చింది. రానివ్వండి. కానీ కోసేటప్పుడు కత్తి ఎక్కడ పడిందో చూడాలి.

ఇక్కత్ చీర ఎలా తయారవుతుందో తెలియని పాఠకుల కోసం కొంచెం చెప్తాను. రంగు బట్ట మీద అద్దరు, నెయ్యకముందే దారానికి అద్దుతారు. ఏ దారంలో ఏ భాగానికి ఏ రంగు అంటాలో ముందే తేలాలి. పేక నూలును ఒక చట్రం మీద పోస్తారు. ఒకవైపు ఒకే మేకు, ఎదురుగా అర్ధచంద్రంలాగా వరసగా మేకులు. దారాన్ని ఆ ఒక్క మేకు నుంచి ఎదుటి మేకుకీ, మళ్లీ వెనక్కీ, తర్వాతి మేకుకీ, మళ్లీ వెనక్కీ తిప్పాలి. ఇదే ఆసు పోయడం. ఒక చీరకి చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ పోవాలి. నాలుగైదు గంటలు. రోజుకి రెండు చీరలంటే 18,000 సార్లు. ఆసు అయ్యాక ఆ పోగుల కట్టల మీద గ్రాఫ్ ప్రకారం గుర్తులు పెట్టి, రబ్బరు పట్టీలతో చిటికి కట్టి, రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు అంటదు. అప్పుడు కండెలు చుట్టి నాడెలో పెడితే, నేస్తున్నకొద్దీ పువ్వో ఏనుగో బట్ట మీదికి వస్తుంది.

దీన్నిబట్టి ఒక సంగతి చూడండి. ఆసు మీద ఒక దారం మేకు తప్పినా, ఒక చుట్టు ఎక్కువైనా, పువ్వు రేకు పక్కకి జరుగుతుంది. గ్రాఫ్ కాగితం మీది గళ్లు దారంలోకి దిగేది ఇక్కడే. ఆసు పోసే ఆడమనిషి లెక్క పెడుతుంది, బిగువు చూస్తుంది, మధ్యలో పొయ్యి మీది అన్నం చూసి వచ్చి ఆపిన చోటు నుంచే అందుకుంటుంది. అంటే చీర తాలూకు జ్యామితిని మొదట చేత్తో పరిచేది ఆమె. కార్డు మీద ఆమెకు గడి లేదు. ‘పద్ధతి’ అనే గడిలో ఒక్క మాట ఉంది: ఇక్కత్.

గడి లేకపోవడం ఒక్క ఉత్సవం పని కాదు. 2019-20లో జరిగిన నాలుగో అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత పనివాళ్లు 35.22 లక్షలు, అందులో 72 శాతానికి పైగా ఆడవాళ్లు. ఆ లెక్కలో రెండు రకాలున్నాయి. నేసేవాళ్లు 26.73 లక్షలు, ‘అనుబంధ’ పనివాళ్లు 8.48 లక్షలు. అస్సాం, మణిపూర్ వైపు నేసేది ఆడవాళ్లే కాబట్టి మొదటి అంకెలో వాళ్లు నిండుగా ఉన్నారు. మన వైపు మగ్గం గుంటలో కూర్చునే చోటు ఎక్కువగా మగవాడిది. ఆసు, కండెలు, అచ్చు అతకడం అనుబంధం. ఏది ఏదానికి అనుబంధం? ఆసు లేకుండా నేత ఉందా? పథకాల పేర్లు చూడండి: తెలంగాణలో ‘నేతన్నకు చేయూత’, ఆంధ్రలో ‘నేతన్న నేస్తం’. అన్న ఉన్నాడు. అక్క పేరుతో పథకం నేను ఇంతవరకు చూడలేదు.

ఇంకో దేశంలో ఈ కథ తలకిందులుగా జరిగింది. 1919లో జర్మనీలో మొదలైన బౌహౌస్, ఆధునిక డిజైన్‌కి పుట్టిల్లుగా చెప్పుకునే బడి, ఆడవాళ్లనూ చేర్చుకుంటామని గొప్పగా ప్రకటించింది. తీరా చేరాక వాళ్లలో ఎక్కువమందిని నేత విభాగం వైపు మళ్లించారు. గాజు పని నేర్చుకోవాలని వచ్చిన ఆనీ ఆల్బర్స్ మగ్గం ముందు తేలింది. నేతను చిన్న పని అనుకున్నారు కాబట్టి ఆడవాళ్లకి ఇచ్చారు. మన దగ్గర మగ్గం ఇంటికి ముఖ్యం కాబట్టి ఆడవాళ్లు దాని పక్కన ఉన్నారు. అక్కడా ఇక్కడా సూత్రం ఒకటే: పని విలువను బట్టి ఆడవాళ్లకి చోటు, ఆడవాళ్ల చోటును బట్టి పని విలువ.

మన దేశంలో డిజైన్ చదువుకి పునాది వేసిన కాగితం కూడా ఒకసారి చూడాలి. 1958లో చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు భారతదేశమంతా తిరిగి ఒక నివేదిక ఇచ్చారు. దాని ఆధారంగానే 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ వచ్చింది. వాళ్లు చూసినవాటిలో చెంబు వాళ్లని అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకుంది. దాన్ని పట్టుకునే చేతులు ఆడవా మగవా, నెత్తిన మోస్తారా నడుము మీద మోస్తారా అని కూడా ఆలోచించారు. ఒక్క మనిషి చేసింది కాదు, తరాలు కలిసి చేసింది అని ఒప్పుకున్నారు. గొప్ప చూపు అది. కానీ ‘తరాలు’ అనే మాటలో మనుషులు మాయమయ్యే సౌకర్యం ఉంది. పరదేశంలో రే ఈమ్స్‌కే ఆ సౌకర్యం ఎలా పనిచేసిందో చెప్పాలి. 1946లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ఆ దంపతుల స్టూడియో కుర్చీల్ని ప్రదర్శించినప్పుడు ప్రదర్శన పేరులోనే చార్లెస్ ఒక్కడే డిజైనర్. చెంబుకి పేరు లేకపోవడం, రేకి పేరు లేకపోవడం ఒకే రకమైనవి కావు. ఒక చోట అందరికీ పేరు లేదు. ఇంకో చోట ఒకరికి ఉండి ఒకరికి లేదు. చేనేత కార్డు మీద జరిగింది రెండోది. డిజైనర్‌కి పేరుంది, మాస్టర్ వీవర్‌కి పేరుంది. ఆసు దగ్గరికి వచ్చేసరికి ‘సంప్రదాయం’ మొదలైంది.

‘మనిషితనం’ గురించి మాట్లాడే డిజైన్ పండుగల్లో ఆసు గురించి అసలు మాట్లాడరని అనను. మాట్లాడతారు, చింతకింది మల్లేశం గురించి మాట్లాడేటప్పుడు. మల్లేశం మా పక్కనే ఆలేరు దగ్గరి శారాజీపేట మనిషి. తల్లి లక్ష్మి భుజం, మోచెయ్యి నొప్పులతో పడే బాధ చూడలేక 1992లో మొదలుపెట్టి, ఉన్నదంతా ఊడ్చి, 1999లో ఆసు యంత్రం నిలబెట్టాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకి వచ్చింది. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. మన రాష్ట్రంలో ‘మనిషి కోసం డిజైన్’ అన్నదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. కాళ్లూ చేతులూ అరిగిపోయిన ఒక ఆడమనిషి శరీరం దగ్గర మొదలైన డిజైన్ అది. దానికి ఆయన లక్ష్మి ఆసు యంత్రం అనే పేరు పెట్టాడు.

2019 జూన్‌లో, అంటే నగరం మొదటి డిజైన్ వీక్ జరుపుకున్న ఏడాదే, ఆయన మీద సినిమా వచ్చింది. రాజ్ ఆర్. దర్శకత్వం, ప్రియదర్శి మల్లేశంగా, ఝాన్సీ తల్లిగా, పెద్దింటి అశోక్‌కుమార్ మాటలు. మంచి సినిమా. ఆసు దగ్గర ఆడమనిషి చెయ్యి నొప్పి పెట్టడాన్ని తెలుగు తెర మీద అంత సేపు చూపించినందుకు దానికి నేను రుణపడి ఉన్నాను. మా భాషను వెకిలి చెయ్యకుండా పలికించినందుకు కూడా. కానీ యంత్రానికి తల్లి పేరుంటే సినిమాకి కొడుకు పేరుంది. ఇది చిన్న తేడా కాదు. తల్లి నొప్పి ఈ కథకు ప్రేరణ. ప్రేరణ పని మొదట్లోనే అయిపోతుంది. అక్కడి నుంచి కథ పట్టుదల గల మగవాడిది, అతని అప్పులు, అతని ఓటములు, అతని గెలుపు. యంత్రం తిరిగిన మర్నాటి నుంచి ఆ చేతులు ఏం చేస్తాయన్నది ఇలాంటి విజయగాథకి అక్కర్లేని ప్రశ్న.

నాకు అది అక్కరైన ప్రశ్న. మా పెద్దమ్మ ఇంటికి యంత్రం వచ్చాక వెళ్లి అడిగాను. “చెయ్యి బతికింది బిడ్డా” అంది ముందు. ఆ మాటను తక్కువ చేసే హక్కు నాకు లేదు. ఆమె రెండు చేతులూ పైకెత్తి జడ వేసుకోవడం నేను చాలా ఏళ్ల తర్వాత చూశాను. మరి ఇప్పుడు పొద్దంతా ఏం చేస్తున్నవ్ పెద్దమ్మా అంటే నవ్వింది. “ఏం చేస్త, కండెలు చుడుతున్న.” అంతకుముందు వేరే ఇళ్లకి కూడా ఆసు పోసి నాలుగు పైసలు చూసుకునేదట. ఇప్పుడు ఆ పైసలు మిషన్లు ఉన్నవాళ్లకి పోతున్నాయట. అయినా పాత ఆసు మళ్లీ వద్దంటుంది, ఎవరైనా అదే అంటారు. యంత్రం ఆమె నొప్పిని తీసింది. మిగిలిన సమయం ఎవరిదో తేల్చడం యంత్రం పని కాదు, ఇంటి పని, ఊరి పని.

మళ్లీ కార్డుల దగ్గరికి వస్తాను. పద్ధతి గడి పక్కన ‘ఆసు పోసినవారు’ అని ఇంకో గడి పెట్టమని ఉత్సవం ఆఫీసులో అడిగాను. చోటు లేదన్నారు, అన్ని కార్డులూ ఒకే కొలతలో ఉండాలన్నారు. డిజైన్ కారణాలు, కాదనలేం. ఎవరి పేరని వేస్తాం మేడం, ఇంటిల్లిపాదీ చేస్తారు కదా అన్నారు. నేను ఒక మాస్టర్ వీవర్‌కి ఫోన్ చేశాను. ఈ చీరకి ఆసు పోసింది ఎవరన్నా అంటే, “ఇంట్ల ఆడోళ్లే మేడం” అన్నాడు. ఎవరు అని మళ్లీ అడిగాను. కాసేపు ఆగి తల్లి పేరు చెప్పాడు. చెప్తున్నప్పుడు అతని గొంతులో సిగ్గు లేదు, ఆశ్చర్యం ఉంది. ఆ పేరు ఇంతవరకు ఎవరూ అడగలేదట.

ఇంగ్లిషు కార్డు మారలేదు. తెలుగు కార్డును మాత్రం ఆ ఆఫీసులో చదివేవాళ్లు లేరు. తెలుగు అక్షరాలు ఎలాగూ ఎక్కువ చోటు తీసుకుంటాయని ముందే రెండు లైన్లు అదనంగా ఇచ్చారు. ఆ రెండు లైన్లలో ఆసు గురించి ఒక వాక్యం, పేర్లు దొరికిన ఏడు చీరల మీద ఆసు పోసినవాళ్ల పేర్లు అచ్చయ్యాయి. అలా ఆ గదిలో అయిదు రోజులూ ఒకే చీరకి ఇంగ్లిషులో ఇద్దరు కర్తలు, తెలుగులో ముగ్గురు. ప్రాంతీయ భాషను ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల లాభం కలిగిన సందర్భాలు తక్కువ. ఇది ఒకటి.

ఆత్మకూర్ వైపు పిల్లను రెండోరోజే మంచినీళ్ల బల్ల నుంచి చేనేత గదికి మార్పించాను. ఆసు చట్రం తెప్పించలేదు కాబట్టి ఆమె గాలిలోనే చెయ్యి తిప్పి చూపించేది. ఇక్కడ మేకు, ఇక్కడ మేకులు, ఇట్ల పోవాలె, ఇట్ల రావాలె. జనం కార్డులు వదిలేసి ఆమె చుట్టూ మూగేవాళ్లు. విదేశీ అతిథి ఒకావిడ మీరు ఏ డిజైన్ బడిలో చదువుతున్నారని అడిగింది. “బి.ఏ. సెకండ్ ఇయర్, నేను వాలంటీర్‌ని” అంది ఈ పిల్ల. చివరి రోజు వందన సమర్పణలో ‘మా వాలంటీర్లందరికీ’ అని ఒక్కసారి అందరికీ కలిపి చప్పట్లు కొట్టారు. పధ్నాలుగు గంటల చొప్పున అయిదు రోజులు, పధ్నాలుగు మంది. వెయ్యికి ఇరవై గంటలు తక్కువ. ఈ గుణకారం ఆ పిల్లే చేసి చెప్పింది.

ఆమెకేమీ దక్కలేదని అనను. జనం ముందు నిలబడి తల్లి పని గురించి మాట్లాడింది, ధైర్యం వచ్చింది, డిజైన్ చదువులకి ప్రవేశ పరీక్షలుంటాయని మొదటిసారి తెలిసింది. వాటి ఫీజులు కూడా తెలిశాయి. పిల్లలకి ఇలాంటి చోట్లు వద్దని నేను చెప్పడం లేదు. జీతం లేకుండా అయిదు రోజులు ఇవ్వగలిగేది ఎవరు అన్నదే ప్రశ్న. నగరంలో సొంత ఇల్లు, బండి ఉన్న పిల్లకి అది అనుభవం. ఆత్మకూర్ నుంచి వచ్చి హాస్టల్లో ఉంటూ, సాయంత్రాలు ట్యూషన్లు చెప్పి ఖర్చులు వెళ్లదీసుకునే పిల్లకి అది అయిదు రోజుల రాబడి పోవడం. సర్టిఫికెట్ మీద మాత్రం ఇద్దరి పేరూ ఒకే అక్షరాల్లో ఉంటుంది.

తర్వాత మా డిపార్ట్‌మెంట్‌లో మాట్లాడుకున్నాం. ఇకమీదట ఏ ఉత్సవం నుంచి అడిగినా పంపే ముందు రోజుకెంత ఇస్తారు, రాత్రి ఎలా ఇంటికి చేరుస్తారు, చేసిన పనిని ఎవరి పేరున ఎక్కడ వేస్తారు అని ఉత్తరం రాయాలనుకున్నాం. మొదటి ఉత్తరం ఒక సాహిత్య ఉత్సవానికి వెళ్లింది. రాత్రి బస్సు పెడతామని వెంటనే జవాబు వచ్చింది. రోజుకెంత అన్నదానికి, గౌరవ పారితోషికం గురించి ఆలోచిస్తున్నామని రాశారు. మూడో ప్రశ్న ఏమిటో వాళ్లకి అర్థం కాలేదట, కొంచెం వివరించమన్నారు. ముగ్గు సంగతీ కార్డుల సంగతీ రాసి పంపాను.